లాఠీ చప్పుడు – సైకిలు గంట

దొంగలు పడ్డ ఆరునెల్లకి కుక్కలు మొరిగాయని మనకో సామెత ఉంది. పోలీసుల ప్రసక్తి వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు ఈ సామెత అందుకోకుండా ఉండరు. ఇంట్లో ఇత్తడి బిందె పోయిన రోజున అలాంటి మాట నోటికి రావడం సహజమే. కాని పోయిన బిందె సంగతి అలా ఉంచి, పోకుండా మిగిలిన బిందెల సంగతి ఎప్పుడైనా ఆలోచించామా? అర్ధరాత్రివేళ లాఠీ టకటకలాడించుకుంటూ, మధ్యమధ్య ఈల ఊదుకుంటూ సందు చివరిదాకా వెళ్ళి వచ్చే ఆ గస్తీ కానిస్టేబులు వల్ల నిజంగా దొంగతనాలు తగ్గుతాయా? లేకపోతే మన నిద్రకి అదొక జోలపాటా?

ఇదేదో పెరటిగోడ దగ్గర కబుర్లకోసం వేసిన ప్రశ్న కాదండోయ్. కొన్ని దేశాల్లో పనిగట్టుకుని, నెలల తరబడి లెక్కలు రాసి మరీ దీనికి జవాబు వెతికారు. దొరికిన జవాబు కాస్త చిత్రమైనది. అక్కడికి వెళ్ళేముందు ఈ గస్తీ కథ కొంచెం వెనకనుంచి చెప్పుకోవాలి.

మన దేశంలో గస్తీ కొత్తదేం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పట్టణం మంచిచెడ్డలు చూసే నాగరకుడనే అధికారి ఉన్నాడు. పొద్దుగూకిన ఆరు నాళికలకి ఒకసారి, తెల్లవారడం ఇంకా ఆరు నాళికలుందనగా ఒకసారి వాద్యం మోగేది. నాళిక అంటే మన గడియారంలో 24 నిమిషాలు. ఆ రెండు మోతల నడుమ వీధిలో తిరిగేవాళ్ళకి జరిమానా. అయితే కొందరికి మినహాయింపు ఉండేది. పురిటికి వెళ్ళే మంత్రసాని, రోగిని చూడబోయే వైద్యుడు, శవాన్ని మోసుకుపోయేవాళ్ళు, చేతిలో దీపం పట్టుకున్నవాళ్ళు – వీళ్ళని ఆపకూడదు. పుట్టుకకీ చావుకీ వేళాపాళా లేదని ఆ శాస్త్రకారుడికి తెలుసన్నమాట.

ఇంకో సంగతి కూడా ఆయన మరిచిపోలేదు. కావలి కాసేవాళ్ళే ఆడవాళ్ళ జోలికి పోతే ఏం శిక్ష వెయ్యాలో రాశాడు. దాసి అయితే తక్కువ శిక్ష, దాసి కాని స్త్రీ అయితే కొంచెం ఎక్కువ, కులస్త్రీ అయితే ఏకంగా మరణదండన. మానానికి కూడా అంతస్తుని బట్టి ధర కట్టిన కాలం కదా అని మనసు చివుక్కుమంటుంది. అయినా ఏమాటకామాటే చెప్పుకోవాలి. కాపలావాడి మీద కూడా ఒక కన్నేసి ఉంచాలన్న తెలివి అప్పుడే ఉంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

ఇప్పుడు మనం చూసే పోలీసు గస్తీకి అచ్చు పడింది మాత్రం లండన్లో. అంతకుముందు అక్కడ పేటపేటకీ లాంతరు, కర్ర పట్టుకున్న కావలివాళ్ళుండేవారు. వాళ్ళలో వయసు మళ్ళినవాళ్ళే ఎక్కువని జనం వేళాకోళం చేసేవారు. హోం మంత్రిగా ఉన్న రాబర్ట్ పీల్ చట్టం చేయించి, నగరంలో చాలా భాగానికి ఒకే దళం ఏర్పాటు చేశాడు. 1829 సెప్టెంబరు 29 సాయంత్రం ఆ కొత్త పోలీసులు మొదటిసారి వీధుల్లోకి నడిచారు. రాబర్ట్ అన్న పేరుకి ముద్దుపేరు బాబీ. అందుకే లండన్ పోలీసుకి ఇవాళ్టికీ బాబీ అనే పేరు. మొదటి నెంబరు ఇచ్చిన కానిస్టేబుల్ని తాగి వచ్చినందుకు ఆ మొదటిరోజే ఇంటికి పంపేశారు. శుభారంభం అంటే అదీ!

జనానికి వాళ్ళని చూస్తే ఒళ్ళుమంట. ఇవాళ వీధిలో నడిచేవాడు రేపు మన ఇంట్లో గూఢచారి అవుతాడని అనుమానం. ఆ అనుమానం పోగొట్టడానికే పీల్ మనుషులు ఎర్రకోట్ల సైన్యంలా కనిపించకుండా నీలం కోటు, పొడుగుటోపీ తొడిగారు. కత్తులు, తుపాకులు కాకుండా ఒక కర్ర ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యంగా ప్రతివాడి కాలరు మీదా ఒక అక్షరం, ఒక నెంబరు కుట్టారు. డ్యూటీలో ఉన్నప్పుడు తెలిసేలా కొంతకాలానికి మణికట్టుకి ఒక పట్టీ కూడా పెట్టారు. అంటే పోలీసు మనల్ని చూడటమే కాదు, మనం కూడా పోలీసుని చూడొచ్చు, తప్పు చేస్తే ఫలానా నెంబరువాడని చెప్పొచ్చు. ఇంత చేసినా కోపం వెంటనే చల్లారలేదు. 1833లో ఒక సభని చెదరగొట్టబోయి రాబర్ట్ కల్లీ అనే కానిస్టేబులు కత్తిపోటుకి చనిపోయాడు. చావు విచారించిన జ్యూరీవారు అది న్యాయమైన హత్యేనని తీర్పు చెప్పారు! నడిచే పోలీసంటే నగరానికి అంత కంటగింపుగా ఉండేది.

అలాంటిది, కొన్నేళ్ళకి అదే మనిషి వీధిలో దీపస్తంభంలాగా ఒక భాగమైపోయాడు. ఎలాగంటారా? నడిచి, నడిచి, నడిచి! గంటకి సుమారు 2.5 మైళ్ళ నడక. అంతకంటే తొందరగా వెళితే చూడాల్సింది కనబడదు. ఒక రాత్రికి దాదాపు 20 మైళ్ళు. ప్రతి దుకాణం తలుపూ తోసి చూడాలి, కిటికీలు బిగించి ఉన్నాయో లేదో తడమాలి. తెల్లవారుజామునే ఫ్యాక్టరీకి వెళ్ళాల్సిన కూలీల తలుపు తట్టి నిద్రలేపి, నాలుగు డబ్బులు సంపాదించుకునే కానిస్టేబుళ్ళు కూడా ఉండేవారు. ఇక గొప్పవారి ఇళ్ళల్లో వంటమనుషులకీ, ఆ బీటు కానిస్టేబులుకీ నడిచే స్నేహం ఆనాటి హాస్యపత్రికలకి తరగని సరుకు. వంటింటి కిటికీలోంచి మాంసం బొబ్బట్టు అందుకుంటున్న బాబీ బొమ్మ చూసి లండనంతా నవ్వుకునేది. నవ్వారంటే భయం పోయిందనే కదా అర్థం!

కాని ఈ నడక గస్తీలో ఒక లొసుగు ఉంది. రోజూ ఒకే దారి, ఒకే వేళ. దొంగ కూడా గడియారం చూడగలడు కదా. 1888లో లండన్ తూర్పుపేటల్లో పేద ఆడవాళ్ళని వరసగా చంపుతూపోయిన హంతకుడి సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. సెప్టెంబరు 30 తెల్లవారుజామున మైటర్ స్క్వేర్ అనే చిన్న చౌకులో ఎడ్వర్డ్ వాట్కిన్స్ అనే కానిస్టేబులు ఒంటిగంటన్నరకి తిరిగి చూసి, అంతా సవ్యంగా ఉందనుకుని వెళ్ళాడు. ఆయన చుట్టు పూర్తయి మళ్ళీ అక్కడికి రావడానికి పావుగంట కూడా పట్టలేదు. లాంతరు వెలుగులో ఈసారి ఆయనకి కనిపించింది కేథరిన్ ఎడోస్ అనే ఆవిడ శవం. ఆ పావుగంటలోనే ఘోరం జరిగిపోయింది. హంతకుడు ఎవరో ఇప్పటికీ లోకానికి తెలియదు. గస్తీ ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదని ఆ రాత్రి తేల్చి చెప్పింది.

ఇంతలో సైకిలు వచ్చింది. రెండు చక్రాలూ సమానంగా, గొలుసుతో నడిచే సైకిలు 1885 నుంచి ఇంగ్లండులో జోరుగా అమ్ముడుపోవడం మొదలైంది. కాళ్ళు నొప్పులుపుట్టిన పోలీసులకి అది వరంలాంటిది. చప్పుడు లేకుండా వెళ్ళొచ్చు, గడ్డి అక్కర్లేదు, దాణా అక్కర్లేదు. న్యూయార్కులో 1895 చివర సైకిలు దళం పెట్టినప్పుడు అక్కడి పోలీసు బోర్డుకి అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్, తర్వాత ఆ దేశాధ్యక్షుడైన ఆయనే. అదుపు తప్పి పరుగెత్తే గుర్రబ్బండ్లనీ, ఒళ్ళు తెలియకుండా సైకిళ్ళు తొక్కే కుర్రాళ్ళనీ పట్టుకోవడం ఆ దళం పని. 1899 మే నెలలో ఆ దళంలో ఒకాయన ఒక విద్యుత్ టాక్సీని వెంబడించి, డ్రైవర్ని పట్టుకుని ఠాణాలో పెట్టాడు. నేరం – గంటకి 12 మైళ్ళ వేగంతో పోవడం. సైకిలు కారుని పట్టుకుందండీ! కాని కారు కసి తీర్చుకుంది. కొన్నేళ్ళు తిరిగేసరికి పోలీసులే కారెక్కి, సైకిలుని షెడ్డులో పడేశారు.

1928లో డెట్రాయిట్ పోలీసులు తమ కార్లలో రేడియో పెట్టారు. ఆ తర్వాత పెద్ద నగరాలన్నీ అదే బాట పట్టాయి. ఇంట్లోంచి టెలిఫోను చేస్తే చాలు, స్టేషను నుంచి రేడియోలో కబురు, నిమిషాల్లో కారు వాకిట్లోకి. చూడటానికి ఎంత గొప్ప ఏర్పాటు! నడిచే కానిస్టేబులు పాతకాలపు మనిషి అయిపోయాడు. కాని ఇందులో ఒక మార్పు చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. ఇదివరకు పోలీసు, ఏమీ జరగనప్పుడు కూడా వీధిలో కనిపించేవాడు. ఇప్పుడు ఏదో ఘోరం జరిగితే తప్ప దిగడం లేదు. కారు అద్దాలు పైకెత్తి ఉంటే మామ్మగారు ఏం చెప్పినా లోపలికి వినిపించదు. లోపలున్నాయన పేరు కూడా మామ్మగారికి తెలియదు.

అప్పుడే మొదలుపెట్టారు ఈ లెక్కలు. 1972 అక్టోబరు నుంచి ఏడాదిపాటు అమెరికాలో కాన్సాస్ సిటీ పోలీసులు ఒక ప్రయోగం చేశారు. నగరంలో ఒక భాగాన్ని 15 బీట్లుగా తీసుకుని, వాటిని ఐదేసి చొప్పున మూడు రకాలుగా విడగొట్టారు. ఐదింట్లో ఫోను వస్తే తప్ప పోలీసు కారు పోదు. ఐదింట్లో మామూలు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ కార్లు తిరుగుతాయి. మిగిలిన ఐదింట్లో ఎప్పటిలాగే. ఏడాది తిరిగాక చూస్తే ఏముంది? నేరాల్లోగాని, జనం భయంలోగాని మూడు చోట్లా చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్ని కార్లు అన్ని రాత్రులు తిరిగాయన్న సంగతే చాలామంది పసిగట్టలేదు.

సరే, కారు కాదు, కాళ్ళతో చూద్దాం అన్నారు నెవార్క్ నగరంలో. 1978, 79ల్లో కొన్ని పేటల్లో నడక గస్తీ పెంచారు, కొన్నింట్లో ఎత్తేశారు. 1981లో ఫలితాలు వచ్చాయి. నేరాలు తగ్గలేదు. కాని నడిచే పోలీసున్న పేటల్లో జనం భయం తగ్గింది, పోలీసుల మీద మంచి అభిప్రాయం పెరిగింది. పెదవి విరిచినవాళ్ళు, ‘అయితే ఇది ఉత్త జోలపాటే’ అన్నారు.

ఉత్త జోలపాటేనా? ఇక్కడే మనం కొంచెం ఆగాలి. ఈ లెక్కల్లో పోయిన గొలుసులున్నాయి, పగిలిన తాళాలున్నాయి. కాని ఏ రిజిస్టరులోనూ ఎక్కనివి కొన్ని ఉన్నాయి. చీకటి పడుతోందని సంగీతం క్లాసు మానిపించిన అమ్మాయి, మలుపులో కుర్రాళ్ళు నిలబడి ఉన్నారని చుట్టుతిరిగి వెళ్ళే నర్సు, రెండో ఆట సినిమా అన్నమాటే మరిచిపోయిన ఇల్లాలు – వీళ్ళ ఇంట్లో దొంగలు పడలేదు. కాని వీళ్ళ సాయంత్రాలు పోయాయి. ఆ దొంగతనానికి ఫిర్యాదు ఏ స్టేషనులో ఇస్తారు? నడిచే పోలీసు ఆ సాయంత్రాలు తిరిగి ఇప్పించగలిగితే అది తక్కువ పని ఎలా అవుతుంది?

డబ్బు పెట్టాల్సినవాళ్ళు దీనికి ఏమన్నారో ఫ్లింట్ అనే ఊరు చూపించింది. మోటారు ఫ్యాక్టరీల మీద బతికే ఊరది. 1979లో అక్కడ 14 పేటల్లో 22 మంది పోలీసుల్ని నడక గస్తీకి దింపారు. మూడేళ్ళు గడిచేసరికి ఫ్యాక్టరీల్లో పనులు లేక ఊరు ఊరంతా అల్లాడుతోంది. ఆ పరిస్థితుల్లో, 1982లో, నడక గస్తీ ఊరంతటికీ కావాలంటే పన్ను పెంచాలి, ఒప్పుకుంటారా అని ఓటు పెట్టారు. జనం ఒప్పుకున్నారు. చేతిలో డబ్బు ఆడనప్పుడు కూడా పన్ను కట్టడానికి సిద్ధపడ్డారంటే, ఆ కాళ్ళ చప్పుడు విలువ వాళ్ళకి తెలిసే ఉండాలి.

పైగా, నేరాలు ఎప్పుడూ తగ్గవని కూడా కాదు. 2009 వేసవిలో ఫిలడెల్ఫియాలో దౌర్జన్యాలు ఎక్కువగా జరిగే 60 చోట్లని ఎంచి నడక గస్తీ పెట్టారు. అలాంటివే మరో 60 చోట్ల పెట్టలేదు. వాటితో పోల్చి చూస్తే గస్తీ ఉన్నచోట్ల దౌర్జన్యపు నేరాలు 23 శాతం తగ్గాయి. ఎక్కడ నడవాలో చూసుకుని నడిస్తే ఫలితం ఉంటుందన్నమాట. షెడ్డులో పడేసిన సైకిలు కూడా మళ్ళీ బయటికొచ్చింది. 1987లో సియాటిల్ నగరం నడిబొడ్డున బస్సుల సొరంగం తవ్వుతుంటే కార్లు కదలడం కష్టమైపోయింది. ఇద్దరు పోలీసులు సైకిళ్ళెక్కారు. కారు వస్తుందేమోనని చెవులు రిక్కించే దొంగలకి సైకిలు వచ్చిన సంగతే తెలియలేదు. తర్వాత ఎన్నో నగరాలు ఆ దారి పట్టాయి.

జపానులో అయితే సైకిలు అసలు షెడ్డెక్కనే లేదు. అక్కడ 1874 నుంచీ కోబాన్లు ఉన్నాయి. కోబాన్ అంటే పేట మధ్యలో ఉండే చిన్న పోలీసు గది. అందులో పోలీసులు సైకిలు మీద పేటంతా చుట్టివస్తారు, ఇంటింటికీ వచ్చి పలకరిస్తారు. దారి తప్పినవాళ్ళకి దారి చెబుతారు, పర్సు పారేసుకున్నవాళ్ళకి ఇంటికి చేరడానికి ఛార్జీలు అప్పిస్తారు. పిల్లలు వాళ్ళని ‘ఒమావారి-సాన్’ అంటారు. మన భాషలో ‘తిరిగే మావయ్యగారు’ అనుకోవచ్చు. అయితే రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఈ ఇంటింటి పలకరింపుల్నే జనం మీద నిఘాకి కూడా వాడారు. ఆకారం అదే, సైకిలు అదే. మనసు మారితే పని మారిపోతుంది.

అమెరికాలోనూ అలాగే అయింది. వీధిలో నడవమంటే కొన్నిచోట్ల అడ్డమైనవాణ్ణీ ఆపి జేబులు వెతకడమనే అర్థం వచ్చేసింది. న్యూయార్కులో 2011 ఒక్క ఏడాదిలోనే 6,85,000 సార్లకి పైగా మనుషుల్ని ఆపారు. అందులో అత్యధికులు నల్లవాళ్ళు, లాటినోలు. ఆ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమని 2013లో కోర్టు చెప్పింది. ఆపిన మనిషి పేరు తెలుసుకోవడం వేరు, ఆ మనిషిని తెలుసుకోవడం వేరు. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. కావలివాడి మీద కన్ను లేకపోతే గస్తీ కూడా ఒక గండమే. కాలరు మీద నెంబరు కుట్టింది ఊరికే కాదు.

ఆ కావలివాడు ఆడమనిషి కావచ్చన్న ఆలోచన రావడానికి చాలాకాలం పట్టింది. బ్రిటనులో అరెస్టు చేసే పూర్తి అధికారంతో మొదట కానిస్టేబులైన స్త్రీ ఎడిత్ స్మిత్. 1915లో, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, సైనిక శిబిరం పక్కనున్న గ్రాంథం అనే ఊళ్ళో ఆమె గస్తీ తిరిగింది. భర్త పోయి, పిల్లల్ని పెంచుకుంటున్న మనిషి. అంతకుముందు ఆమె వృత్తి ఏమిటనుకున్నారు? మంత్రసాని! మన అర్థశాస్త్రంలో రాత్రిపూట ఆపకూడదని మినహాయించిన మంత్రసాని, అక్కడ తానే గస్తీ అయింది. మన దేశంలో మొదటి మహిళా పోలీసు స్టేషను 1973 అక్టోబరు 27న కేరళలో, కోజికోడులో తెరిచారు. హైదరాబాదులో 2014 అక్టోబరు 24న షీ టీములు మొదలయ్యాయి. బస్టాపుల్లో, కాలేజీల దగ్గర మఫ్టీలో నిలబడి, ఆడపిల్లల్ని వేధించేవాళ్ళని పట్టుకోవడం వీటి పని. ఇది పీల్ పద్ధతికి తలకిందులు. అక్కడ పోలీసు కనిపించాలి, ఇక్కడ కనిపించకూడదు. రెండూ కావాలి. పోకిరీకి ‘ఎవరున్నారో’ అన్న బెరుకు, అమ్మాయికి ‘ఫలానా ఆయన ఉన్నాడు’ అన్న ధీమా.

ఆ ‘ఫలానా’ అన్నమాటలోనే ఉందంతా. హైదరాబాదు పాతతరంవాళ్ళు కొత్వాలు రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారి పేరు ఇవాళ్టికీ తలుచుకుంటారు. నిజాం రాజ్యంలో 1920 నుంచి 1934 దాకా ఆయన నగర కొత్వాలు. ఎంతమంది దొంగల్ని పట్టించారని ఎవరూ లెక్క చెప్పరు. విద్యార్థులకి హాస్టలు పెట్టించారని, ఆడపిల్లల చదువుకి అండగా నిలిచారని చెబుతారు. అంత పెద్ద అధికారికే జనం గుర్తుపెట్టుకున్నది పరిచయాన్ని. బీటు కానిస్టేబులికి అంతకంటే వేరే ఏముంటుంది?

ఇప్పుడు మన వీధుల మలుపుల్లో కెమెరాలొచ్చాయి. మంచిదే. జరిగింది చూపిస్తాయి. కాని ‘ఏమ్మా, ఇంత రాత్రివేళ ఎక్కణ్ణించి, డ్యూటీ నుంచా?’ అని అడగలేవు. మూడురోజులుగా పాలప్యాకెట్టు తియ్యని మామ్మగారి తలుపు తట్టలేవు. మన వీధికి వచ్చే కానిస్టేబులు మాత్రం ఒక్కోచోట గస్తీ పుస్తకంలో సంతకం పెట్టి, పక్కసందుకి హడావిడిగా వెళ్ళిపోతాడు. ఆయనకి మన పేరు తెలియదు, మనకి ఆయన పేరు తెలియదు. చొక్కా మీద పేరు రాసే ఉంటుంది, మనమే చదవం.

ఇందులో మన వంతు కూడా కొంత ఉందనిపిస్తుంది. అన్నం తినకపోతే పోలీసుకి పట్టిస్తానని మనమే పిల్లల్ని బెదిరిస్తాం. అదే పిల్ల రేపు తిరనాళ్ళలోనో, రైల్వేస్టేషనులోనో చెయ్యి జారి తప్పిపోతే, అక్కడ ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పగలిగే ఒకే ఒక్క మనిషిని చూసి పారిపోతుంది. ఆ బెదిరింపు మానేసి, ఈసారి గస్తీ కానిస్టేబులు మన గుమ్మం ముందు ఆగినప్పుడు పిల్లని చంకనేసుకుని వెళ్ళి, ఆయన పేరు ఏమిటో చదివించండి. మంచినీళ్ళు కూడా ఇస్తే ఇవ్వండి. వేసవి రాత్రుల్లో అంత దూరం నడవడం మాటలు కాదు.